ధారణకు కొలబద్ద: విద్వద్గద్వాల నుండి వృద్ధుల జ్ఞాపక పరీక్షల దాకా

ధారణ గల బుద్ధికే అమరకోశకారుడు మేధ అని పేరు పెట్టాడు. విన్నదాన్ని పట్టి ఉంచుకోవడం ధారణ, పట్టి ఉంచినదాన్ని అవసరమైనప్పుడు పైకి తీయడం స్మృతి. ఈ రెంటికీ వేరువేరు పేర్లు పెట్టుకున్న మన పూర్వులు వాటిని కొలిచే పద్ధతి కూడా ఒకటి ఏర్పరచుకున్నారా అని ప్రశ్నించుకుంటే, అవధానం అనే సమాధానం వెంటనే తోస్తుంది. అయితే అవధానం ఎవరి ధారణను కొలిచింది? ఎవరి ధారణను కొలవకుండా విడిచిపెట్టింది? నేడు ఆసుపత్రుల్లో అరవై ఏండ్లు దాటినవారికి పెడుతున్న జ్ఞాపక పరీక్షలకు ఈ పాత కథతో సంబంధమేమిటి? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలను కేంద్రంగా పెట్టుకుని ఈ ప్రశ్నలను కొంత విచారించడం ఈ వ్యాసోద్దేశం.

ఈ మూడూ 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ జిల్లా నుండి విడివడి వేరు జిల్లాలైనవి. అంతకు పూర్వం ఇవి సంస్థానాల సీమ. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో గద్వాల, దానికి ఉత్తరాన వనపర్తి, ఆత్మకూరు, తూర్పున కొల్లాపురం రాజధానిగా జటప్రోలు సంస్థానాలు నిజాము రాజ్యానికి లోబడి ఉంటూనే సొంత ఆస్థానాలు, సొంత పండిత సభలు నడుపుకున్నవి. కార్తీక, మాఘ మాసాలలో గద్వాలలో జరిగే సభలకు నాలుగు దిక్కుల నుండి పండితులు వచ్చేవారు. విద్వద్గద్వాల అన్న పేరు ఊరకే వచ్చింది కాదు. జటప్రోలు ప్రభువులలో సురభి మాధవరాయలు స్వయంగా ప్రబంధకర్త. వనపర్తి సంస్థానంలో కొంతకాలమున్న మానవల్లి రామకృష్ణకవి మరుగునపడిన గ్రంథాలను వెదికి 'విస్మృత కళావళి' అన్న పేరుతో వెలువరించిన ఘనుడు. నన్నెచోడుని కుమారసంభవం 1909లో ఆయన వల్లనే వెలుగు చూసింది. ఒక జాతి మరచిపోయినదాన్ని గుర్తుచేసే పనికి మన సీమ ఒకప్పుడు ఆశ్రయమిచ్చిందన్న మాట.

ఆ సంస్థానాల్లో పండితుని ధారణకు అగ్నిపరీక్ష అవధానం. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గద్వాల, ఆత్మకూరు మొదలైన సంస్థానాలను దర్శించిన సంగతి సాహిత్య చరిత్ర ఎరిగినవారికి తెలిసిందే. శతావధానంలో నూరుగురు పృచ్ఛకులు కోరిన నూరు పద్యాలను ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చొప్పున చెప్పుకుపోయి, చివర నూరింటినీ వరుసగా అప్పగించాలి. అష్టావధానంలోని అంశాలను నేటి మనస్తత్వ శాస్త్రజ్ఞుని కంటితో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. వ్యస్తాక్షరిలో ఒక వాక్యంలోని అక్షరాలను క్రమం తప్పించి, స్థాన సంఖ్యతో సహా, మధ్యమధ్య అందిస్తారు. అవధాని వాటిని మనసులోనే వరుసలో పేర్చుకుని చివర వాక్యాన్ని చెప్పాలి. ఘంటాగణనంలో పద్యం చెబుతూనే గంటలెన్ని మోగాయో లెక్కపెట్టుకోవాలి. అప్రస్తుత ప్రసంగి పని అంతా ఆ ఏకాగ్రతను చెడగొట్టడమే. నేడు ప్రయోగశాలల్లో అంకెలను తారుమారు చేసి చెప్పి వరుసలో పెట్టమనడం, ఒక పని చేస్తుండగా మరొక పనిని కలిపి పరీక్షించడం ఈ జాతికి చెందిన పరీక్షలే.

ఒక ముఖ్యమైన భేదం మాత్రం ఉన్నది. అవధానం ధారణకు శిఖరమెంత ఎత్తో చూపింది. నేల ఎక్కడున్నదో చూపడం దాని పని కాదు. సభలో కూర్చున్న సామాన్య శ్రోత ఎన్ని అక్షరాలు గుర్తుంచుకోగలడు, కోట బయట మగ్గం ముందు కూర్చున్న సాలె పెద్దకు ఎంత గుర్తుంటుంది, డెబ్బై ఏండ్ల కూలి తల్లికి ఎంత మరపు సహజం అన్న ప్రశ్నలు ఏ సభలోనూ పుట్టలేదు, పుట్టవలసిన అవసరమూ ఆనాడు లేదు. ఆ అవసరం వేరొక దేశంలో, వేరొక కారణం చేత పుట్టింది.

మరపును కొలిచిన తొలివారు

జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే పండితుడు అర్థంలేని అక్షరాల గుంపులను రమారమి 2300 తయారుచేసుకుని, వాటిని తానే వల్లించి, ఎంతసేపటికి ఎంత మరచిపోతున్నాడో లెక్క కట్టాడు. ఆ గ్రంథం 1885లో వెలువడింది. మరపు మొదటి గంటల్లో వేగంగాను, ఆ తరువాత మెల్లగాను సాగుతుందన్న సంగతి దాని వల్ల తేలింది. పరీక్షించినవాడూ, పరీక్షకు కూర్చున్నవాడూ ఒక్కడే గనుక ఆ లెక్క ఒక్క మనిషి లెక్క. 1887లో జేకబ్స్ ఇంగ్లండు బడిపిల్లలకు అంకెలు చదివి వినిపించి తిరిగి చెప్పమన్నాడు. వయసు పెరిగినకొద్దీ పిల్లలు ఎక్కువ అంకెలు చెప్పగలుగుతున్నారని గమనించాడు. ఒక వయసుకు సహజమైన పరిమితి ఇంత అని గుంపును చూసి చెప్పే పద్ధతికి ఇటువంటివి నాంది. 1905లో ఫ్రాన్సులో బినే, సైమన్ల పరీక్షలో కూడా అంకెలు తిరిగి చెప్పడం ఒక అంశం.

పెద్దవారి సంగతి ఆలస్యంగా వచ్చింది. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో అలోయిస్ ఆల్జైమర్ ఒక రోగిణిని కూర్చోబెట్టుకుని నీ పేరేమిటి, నీ భర్త పేరేమిటి అని అడుగుతూ, వస్తువులు చూపి కొంతసేపటికి అవేమిటని ప్రశ్నిస్తూ జవాబులన్నీ రాసుకున్నాడు. 1906లో ఆమె మరణానంతరం మెదడును పరీక్షించి ఆయన చెప్పిన విషయమే నేడు ఆయన పేర పిలువబడే వ్యాధికి ఆధారమైంది. ఆయన ప్రశ్నలకు మార్కులు లేవు, పోల్చి చూసే కొలతా లేదు. ఆమె స్థితి అంతగా చెడిపోయి ఉండడం వలన కొలత అవసరం రాలేదు.

కొలత అవసరమయ్యేది సందేహస్థలంలో. తాళంచెవులు ఎక్కడ పెట్టారో మరచిపోయిన అరవై ఎనిమిదేండ్ల పెద్దమనిషికి అది వయసు మరపా, వ్యాధి తొలి అడుగా? అమెరికాలో డేవిడ్ వెక్స్లర్ 1939లో పెద్దలకు బుద్ధి పరీక్షను, 1945లో ప్రత్యేకించి జ్ఞాపకానికి పరీక్షను తయారుచేశాడు. వయసును బట్టి పోలిక మారాలన్న సూత్రం అక్కడ స్థిరపడింది. 1962లో క్రాల్ అనే వైద్యుడు వయసుతో వచ్చే నిరపాయకరమైన మరపును వ్యాధి మరపు నుండి వేరుచేసి చెప్పాడు. 1975లో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి 30 మార్కుల చిన్న పరీక్ష ఒకటి ప్రకటించారు. పది నిమిషాల్లో అయిపోతుంది. తేదీ, వారం, ఊరు అడగడం, మూడు మాటలు చెప్పి కాసేపటికి తిరిగి చెప్పమనడం, నూరు నుండి ఏడు తీసివేస్తూ పొమ్మనడం, ఒక వాక్యం చదివి దాని ప్రకారం చేయమనడం, ఒక వాక్యం రాయమనడం, ఒక బొమ్మ గీయమనడం. 24 కంటే తక్కువ వస్తే అనుమానించాలన్న వాడుక ప్రపంచమంతటా వ్యాపించింది.

పాసు మార్కు, తరగతి సగటు

ముప్పై ఏండ్లకు పైగా పిల్లల పేపర్లు దిద్దినవాణ్ణి కనుక ఈ భేదాన్ని బడి భాషలో చెబుతాను. 35 మార్కులు పాసు అన్నది ఒక గీత. ప్రశ్నపత్రం కఠినమైనా తేలికైనా ఆ గీత కదలదు. తరగతి సగటు వేరు. ఆ తరగతిలో, ఆ పేపరులో, పిల్లలకు సాధారణంగా ఎన్ని వచ్చాయో చూసి, ఫలానావాడు ఆ గుంపులో ఎక్కడున్నాడో చెప్పడం అది. జ్ఞాపక పరీక్షలో 24 అన్నది పాసు మార్కు వంటిది. వైద్యునికి నిజంగా కావలసింది తరగతి సగటు.

దీన్ని ఎలా కడతారంటే, ముందుగా వ్యాధి లేని పెద్దలను వందల సంఖ్యలో సమీకరిస్తారు. వారిని వయసు వారీగా, చదువు వారీగా విభజిస్తారు. ఒక్కో విభాగానికి సగటు మార్కు తీస్తారు. మార్కులు ఆ సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నాయో కూడా లెక్క కడతారు. దీనికి ప్రామాణిక విచలనమని పేరు. ఆ విచలనానికి ఒకటిన్నర రెట్లు కిందికి పోయినవారిని జాగ్రత్తగా చూడాలన్నది వైద్యుల వాడుక.

మాటవరసకు ఒక లెక్క. పది మాటలు చెప్పి, ఇరవై నిమిషాల తరువాత తిరిగి చెప్పమన్నామనుకుందాం. బాగా చదువుకున్న డెబ్బై ఏండ్లవారి సగటు 6, విచలనం 1.5 అనుకుంటే, మూడే మాటలు చెప్పినాయన సగటుకు రెండు విచలనాలు కింద ఉన్నట్టు. ఆలోచించవలసిందే. బడి మొగం చూడని డెబ్బై ఏండ్లవారి సగటు 4.5, విచలనం 1.5 అనుకుంటే, అదే మూడు మాటలు చెప్పినామె సగటుకు ఒక్క విచలనమే కింద. ఆమె ఈడువారిలో అటువంటివారు ఎందరో ఉంటారు. మూడు మాటలు మూడు మాటలే, అర్థం మాత్రం వేరు.

ఇంకొక సూక్ష్మముంది. మార్కులు గంట ఆకారంలో సమంగా చెదిరి ఉంటే, ఏ జబ్బూ లేనివారిలో కూడా నూటికి ఏడుగురు ఒకటిన్నర విచలనాల గీతకు కింద పడతారు. లెక్క స్వభావమే అంత. అందుచేత ఒక్క పరీక్ష ఒక్కనాడు చూసి జబ్బని తేల్చరాదు. ఇంట్లోవారిని అడగాలి, కొన్ని నెలల తరువాత మళ్లీ చూడాలి. మళ్లీ పెట్టేటప్పుడు మొదటి అనుభవం వలన కొంత మెరుగు కనిపిస్తుంది గనుక మాటల పట్టిక మార్చాలి.

చదువు తెచ్చిన చిక్కు

1980ల తొలి సంవత్సరాలలో అమెరికాలో ఐదు చోట్ల 18,056 మందికి ఆ 30 మార్కుల పరీక్ష పెట్టారు. ఫలితాలు 1993లో వెలువడ్డాయి. తొమ్మిదేండ్లు, ఆపైన చదివినవారిలో నడిమి మార్కు 29. ఐదు నుండి ఎనిమిదేండ్లు చదివినవారిలో 26. నాలుగేండ్లలోపు చదివినవారిలో 22. చివరి అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. నడిమి మార్కు 22 అంటే ఆ విభాగంలో సగం మందికి 22, లేదా అంతకంటే తక్కువ. గీత 24 దగ్గర గీస్తే తక్కువ చదివినవారిలో సగానికి మించినవారు అనుమానితుల జాబితాలోకి పోతారు. వారందరికీ వ్యాధి ఉన్నదనడం అసంభవం. గీతలోనే లోపమున్నది.

ఇప్పుడు మన సీమకు రండి. 2011 జనగణనలో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సగటు 67 శాతం. గద్వాల జిల్లాకు చేరిన మండలాలను విడిగా లెక్కిస్తే సగానికి కొంచెం తక్కువ. ఇది ఏడేండ్లు దాటిన అందరి లెక్క. పిల్లలను పక్కనబెట్టి వృద్ధులను, అందునా స్త్రీలను చూస్తే ఎంత తక్కువో ఊహించవచ్చు. ఆ తల్లికి కలం ఇచ్చి వాక్యం రాయమంటే ఏం రాస్తుంది? ఐదు కోణాల బొమ్మలు రెండు గీయమంటే ఏం గీస్తుంది? జన్మలో పెన్సిలు పట్టనిదానికి చేయి వణకడం రోగలక్షణమా?

తేదీ సంగతి చూడండి. ఈ రోజు తారీఖెంత అని నడిగడ్డ పల్లెలో ఒక అవ్వను అడిగితే, "తారీకు నాకేమెరుక బిడ్డా, అమాస పోయి మూడొద్దులాయె" అంటుంది. ఆ జవాబులో కాలజ్ఞానం లోపించిందా? చంద్రుని గమనాన్ని లెక్కపెట్టుకుంటూ ఆమె చెప్పినది సరైన జవాబే. పరీక్షాపత్రంలో మాత్రం సున్న పడుతుంది. వయసు విషయం కూడా ఇంతే. ఎన్నేండ్లమ్మా అంటే అరవై అయినా డెబ్బై అయినా ఒకే తీరుగా చెప్పేవారున్నారు. 1948 పోలీసు చర్య నాటికి చేతిబిడ్డనని ఒకరు, శ్రీశైలం నీళ్లలో ఊరు మునిగిననాటికి నలుగురు పిల్లల తల్లినని మరొకరు చెబుతారు. వయసు వారీ సగటుతో పోల్చాలంటే ముందు వయసు తేలాలి. అది తేలాలంటే అడిగేవానికి ఆ ఊరి చరిత్ర తెలిసి ఉండాలి.

చదివిన ఏండ్లు అన్న కొలత కూడా పైకి కనిపించేంత నికరమైనది కాదు. వీధిబడిలో మూడేండ్లు కూర్చుని ఎక్కాలు, శతకాలు, అమరం వల్లె వేసిన పెద్దాయన చదువు లెక్కలో మూడేండ్లే. ఆ మూడేండ్లూ ఆయన చేసినది ధారణాభ్యాసమే. మరొకాయన పదేండ్లు చదివి ఉండవచ్చు, అంతా చూసి రాసుకునే చదువు. నిజాము కాలంలో బడికి వెళ్లినవారి చదువు ఉర్దూలో సాగింది. నేడు తొంబైకి దగ్గరపడిన అటువంటివారికి ఇంటి భాష తెలుగు, అంకెల భాష ఉర్దూ. ఏ భాషలో పరీక్షిస్తే ఆయనకు న్యాయం జరుగుతుంది?

మన దేశంలో జరిగిన కృషి

ఈ చిక్కులను గుర్తించినవారు లేకపోలేదు. హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాలలో భారత, అమెరికా పండితులు కలిసి చేసిన అధ్యయనంలో మేరీ గంగూలీ, ఆమె సహచరులు ఆ 30 మార్కుల పరీక్షను నిరక్షరాస్యులకు తగినట్టు మార్చి 1995లో ప్రకటించారు. పొద్దునా, మధ్యాహ్నమా, సాయంత్రమా అని అడిగారు. ఏడు చొప్పున తీసివేయడం మాని వారాల పేర్లు వెనుక నుండి చెప్పమన్నారు. చదివి చేయమనే బదులు నన్ను చూసి నేను చేసినట్టు చెయ్యమన్నారు. రాయమనే బదులు నోటితో ఒక మాట చెప్పమన్నారు. ఇంట్లోవారిని అడిగి రోజువారీ పనులు ఎలా చేసుకుంటున్నారో తెలుసుకునే ప్రశ్నావళిని కూడా అక్కడే రూపొందించి 1999లో ప్రకటించారు. ప్రపంచ వ్యాప్తంగా మతిమరపు వ్యాధిగ్రస్తులలో 66 శాతం ఉన్న బీద, మధ్యతరగతి దేశాలలో జరిగే పరిశోధన మొత్తంలో పదో వంతుకు కూడా చేరడం లేదన్న ఆవేదనతో ఒక పరిశోధక బృందం తన పేరే 10/66 అని పెట్టుకున్నది.

తెలుగునాట ఈ కృషికి కేంద్రం హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రి. అక్కడ డాక్టర్ అల్లాడి సువర్ణ, వారి బృందం కేంబ్రిడ్జిలో పుట్టిన నూరు మార్కుల అడెన్‌బ్రూక్ పరీక్షను తెలుగుకు తెచ్చారు. తరువాత భారత వైద్య పరిశోధన మండలి పక్షాన తెలుగు, హిందీ, కన్నడ, మలయాళ, బంగ్లా భాషలకు జ్ఞాపకం, భాష, ఏకాగ్రత మొదలైనవాటిని కొలిచే పరీక్షల సంపుటం ఒకటి తయారైంది. ఇటువంటి పనిలో అనువాదం చాలదు. జ్ఞాపకానికి ఇచ్చే మాటలు ఆ భాషలో ఎంత వాడుకలో ఉన్నాయో, ఎన్ని అక్షరాలవో, మనసులో ఎంత సులభంగా బొమ్మ కడతాయో చూడాలి. ఇంగ్లీషులో ఒక్క అక్షర ధ్వనితో పోయే మాటకు తెలుగులో నాలుగక్షరాల మాట పెడితే భారం పెరుగుతుంది. మనకు ఛందస్సు నేర్పిన మాత్రల లెక్క ఇక్కడ వైద్యునికి పనికివస్తుందని చెబితే అతిశయోక్తి కాదు.

2013లో అదే బృందం మరొక విశేషం ప్రకటించింది. నిమ్స్‌కు వచ్చిన 648 మంది మతిమరపు రోగుల వివరాలు చూస్తే, వారిలో రెండు లేదా అంతకు మించి భాషలు మాట్లాడే 391 మందికి వ్యాధి సగటున నాలుగున్నరేండ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. బడికి వెళ్లనివారిలోనూ ఈ భేదం కనిపించింది. దీనిపై పండితులలో ఇంకా వాదోపవాదాలున్నవి. వ్యాధి రాదని దీనికి అర్థం కాదు కూడా. అయినా మన సీమవారికి ఇది ఆలోచించదగిన మాట. గద్వాలకు రాయచూరు పొరుగు. తెలుగు ఇంటిలో, కన్నడం సంతలో, ఉర్దూ కచేరీలో వాడుతూ పెరిగిన తరం ఇది. వలస కూలికి పోయి మరాఠీ నేర్చినవారూ ఉన్నారు. సంతకం చేయరాని మనిషి మూడు భాషల్లో బేరమాడగలిగితే, అతని బుద్ధిని లెక్కించే పట్టికలో చదువు సున్న అని మాత్రమే రాసి ఊరుకోవడం అసమగ్రం.

2017 నుండి 2020 వరకు జరిగిన జాతీయ అధ్యయనంలో 18 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల నుండి అరవై ఏండ్లు దాటిన 4,096 మందిని పరీక్షించారు. వారిలో తెలంగాణవారూ ఉన్నారు. ఆ అంచనా ప్రకారం దేశంలోని వృద్ధులలో 7.4 శాతం, అనగా 88 లక్షల మంది ఈ వ్యాధితో ఉన్నారు. దేశానికి ఇది గొప్ప ఆధారం. భాగించి చూస్తే ఒక్కో రాష్ట్రానికి సుమారు రెండు వందల ముప్పై మంది. అందులో నడిగడ్డ వాటా ఎంత ఉండగలదు? ఒక ప్రాంతం, ఒక వృత్తి, ఒక భాషామిశ్రమం తమ సొంత కొలత కోరుకుంటే ఇంత చిన్న సంఖ్య సరిపోదు.

రెండు పొరపాట్లు

కొలబద్ద సరిగా లేకపోతే పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. మొదటిది ఇంతవరకు చెప్పినదే. ఆరోగ్యంగా ఉన్న నిరక్షరాస్యురాలికి వ్యాధి ముద్ర పడడం. ఆ ముద్ర పడ్డాక ఇంట్లో ఆమె మాట చెల్లదు. పొలం సంగతిలో ఆమె వేలిముద్రకు విలువ తగ్గుతుంది, సంసారంలో డబ్బు చేతికివ్వరు. లేని జబ్బుకు మందులు మింగిస్తారు.

రెండవది పండితుల ఇళ్లలో జరిగేది. దీన్ని గురించి మనవాళ్లు తక్కువగా మాట్లాడుకుంటారు. ఎనభై ఏండ్ల పెద్దాయన భాగవతం పద్యాలు గంటసేపు తడబడకుండా చదువుతాడు. ఇంత ధారణ ఉన్నాయనకు మరపేమిటని ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. అదే పెద్దాయన భోజనం చేసిన అరగంటకు ఇంకా వడ్డించలేదేమని అడుగుతాడు. చిన్ననాడు వల్లించినవి చివరిదాకా నిలుస్తాయి. వ్యాధి మొదట దెబ్బతీసేది కొత్తదాన్ని పట్టి ఉంచే శక్తిని. చదువరికి 30కి 27 వచ్చినా, ఆయన ఈడు, ఆయన చదువు కలవారి నడిమి మార్కు 29 దగ్గర ఉంటే, 24 గీతను చూసి నిశ్చింతగా ఉండరాదు. మా బంధువుల్లో ఒక పెద్దాయన విషయంలో ఇలా రెండేండ్లు గడిచిపోయాయి. పద్యం నోట ఆడుతున్నంతకాలం ఎవరికీ అనుమానం రాలేదు. అవధానం పట్ల మనకున్న గౌరవం, పాత ధారణనే ధారణ మొత్తంగా భావించే అలవాటును మనకు నేర్పింది. పద్యాలు అప్పగించడం ఒక పరీక్ష, ఇప్పుడే చెప్పిన ఐదు మాటలు ఇరవై నిమిషాలకు చెప్పడం మరొక పరీక్ష. ఒకటి రెండవదానికి బదులు కాదు.

వయసుతో అన్నీ ఒకే తీరుగా తగ్గవన్నది కూడా గుర్తుంచుకోవాలి. అంకెలు వెంటనే తిరిగి చెప్పడంలో తగ్గుదల స్వల్పం. మాటల సంపద చాలాకాలం నిలుస్తుంది. కొత్తగా నేర్చినదాన్ని కొంత వ్యవధి తరువాత చెప్పడంలో తగ్గుదల ఎక్కువ. కొంచెం అందిస్తే, అంటే మొదటి అక్షరమో వస్తువు జాతో చెబితే, పైకి వచ్చే మరపు సాధారణంగా వయసు మరపు. ఎంత అందించినా ఆ సంగతే ఎరుగనన్నట్టు చూస్తే వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి.

వెళ్లి లెక్కించడం

తెలంగాణలో కవులు లేరని ఎవరో అన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి ఎలా జవాబు చెప్పారో అందరికీ తెలుసు. నడిగడ్డ బిడ్డ ఆయన. కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు. ఊరూరా కబురు పంపి, పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. లేరన్నవారు చూడవలసిన చోట చూడలేదని సంఖ్యతో నిరూపించారు. నాగర్‌కర్నూలులో కపిలవాయి లింగమూర్తి ఊళ్లు తిరిగి స్థలచరిత్రలు, గుడులు, జనం నోట నిలిచిన సంగతులు ఏరి గ్రంథస్థం చేశారు. ఆయన సేకరించిన దానిలో ఎంతో భాగం వృద్ధుల జ్ఞాపకంలోనిదే. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథను పాడితే, ఆ కథ కాగితం మీద నుండి వచ్చినది కాదు, తరాల ధారణ నుండి వచ్చినది. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించింది. నిరక్షరాస్య సమాజానికి ధారణ లేదన్నవాడు ఆ పాట వినలేదన్న మాట.

అయితే కిన్నెర పాటను చూపి అందరికీ జ్ఞాపకం బ్రహ్మాండంగా ఉన్నదని చెప్పడం మళ్లీ శిఖరాన్ని చూపడమే అవుతుంది. అవధాని ఒక శిఖరం, కిన్నెర గాయకుడు మరొక శిఖరం. కావలసినది నేల కొలత. ప్రతాపరెడ్డిగారి పద్ధతిలో వెళ్లి లెక్కించాలి. గద్వాల మగ్గాల వాడలో, వనపర్తి చుట్టూ పల్లెల్లో, నల్లమల అంచున నాగర్‌కర్నూలు తండాల్లో, చదివినవారు, చదవనివారు, అరవైలవారు, డెబ్బైలవారు, ఎనభైలవారు, ఒక్కో విభాగానికి తగినంతమందిని, వారి భాషలో, వారి ఎరుకలో ఉన్న మాటలతో పరీక్షించాలి. చెవి వినపడుతున్నదా, కన్ను కనపడుతున్నదా ముందు చూడాలి. వినపడని మాటను మరచిపోయిందని రాయడం అన్యాయం. ఇంట్లోవారిని అడిగి వ్యాధి ఉన్నవారిని వేరుచేయాలి. ఆ తరువాత సగటు కట్టాలి. పదేండ్లకోసారి మళ్లీ కట్టాలి, ఎందుకంటే బడికి వెళ్లిన తరం ముసలితనంలోకి వచ్చేకొద్దీ నేడు కట్టిన సగటు రేపటికి చెల్లదు.

దీనికి కావలసిన పరీక్షలు తెలుగులో ఉన్నవి, పెట్టగల నిపుణులు హైదరాబాదులో ఉన్నారు. ఊరి వయసు, ఊరి మాట, ఊరి పండుగలు తెలిసినవారు మాత్రం ఊళ్లోనే దొరుకుతారు. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, మావంటి విశ్రాంత ఉపాధ్యాయులు ఆ పనికి తోడ్పడగలరు. సర్వే వచ్చిననాడు ముసలామెకేం తెలుస్తుందని కోడలు జవాబు చెప్పకుండా, ఆ తల్లినే కూర్చోబెట్టి ఓపికగా అడగనివ్వడం ప్రతి ఇంటివారూ చేయదగిన సాయం. రాజులు పండితుల ధారణను పరీక్షించి సన్మానించారు. ఆ రాజ్యంలోనే బతికి, లెక్కలోకి రాని సామాన్యుల మనుమలు, మునిమనుమలు నేడు వృద్ధులైనారు. వారికి ఎంత గుర్తుండడం సహజమో తెలుసుకోవడం మనం వారికి చెల్లించవలసిన బాకీ.